పసుపు తుడవని చేతులు

పోయిన వారం కామాక్షిని ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా లేవలేదు. ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట ఒక చచ్చిన తాబేలు ఒడ్డున పడి ఉంటే, దాని వెనక ఎడమ కాలు పైకెత్తి చూసింది. కాలి అడుగున, చర్మం మడతలో, చిటికెన వేలి గోరంత ఎర్ర చుక్క. అది ఆమె పెట్టిన చుక్కే. అంటే ఈ తాబేలు నిన్నో మొన్నో కొట్టుకొచ్చింది కాదు. పోయిన వారమే దిబ్బలపాళెం ముందున్న ఒడ్డున తను చూసి, కొలిచి, లెక్కలో వేసుకున్నది. అంత దూరం నుంచి మళ్ళీ ఇక్కడికి ఎలా వచ్చినట్టు?

కొత్తగా కథలోకి వచ్చినవాళ్ళ కోసం కాస్త వెనక్కి పోదాం. కామాక్షి ఊరు సంగం. నెల్లూరులో బయాలజీ డిగ్రీ. చివరి ఏడాది తరగతి గది మొహం చూడకుండా, ఏదో ఒక పరిశోధన సంస్థలో ఏడాది పొడవునా పనిచేసి రావాలని వాళ్ళ కాలేజీ నియమం. పని బాగా చేసిందని ఆ సంస్థ పెద్ద రాసిస్తేనే డిగ్రీ చేతికొచ్చేది. కామాక్షికీ, ఆమె క్లాసులోనే చదివే రోజాకీ దిబ్బలపాళెం పక్కనున్న తీర పరిశోధన కేంద్రం దొరికింది. కేంద్రం అనగానే అద్దాల మేడ ఊహించుకునేరు! సరుగుడు తోపు పక్కన మూడు రేకుల గదులు, ఒక జీపు, ఒక సుకుమార్. అంతే కేంద్రం. సుకుమార్ గారు సైంటిస్టు, బయట ఊరి మనిషి, ఈ ఇద్దరు ఆడపిల్లల ఏడాదీ ఆయన చేతిలోనే ఉంది.

పని ఏమిటంటే, చలికాలంలో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే సముద్రపు తాబేళ్ళు దారిలో వలల్లో చిక్కి, ఊపిరాడక చచ్చి కొట్టుకొస్తుంటాయి. ఒడ్డు వెంట నడిచి వాటిని లెక్కపెట్టాలి. ఒకసారి లెక్కపెట్టిన దాన్ని మళ్ళీ లెక్కపెట్టకుండా, డొప్ప మీద ఎర్ర పెయింటుతో పెద్ద అడ్డగీత గీయాలి. ఆ తరవాత దిబ్బలపాళెం వాళ్ళు వచ్చి దాన్ని పూడ్చిపెడతారు. ఎర్ర గీత ఉంటే పాతది, లేకపోతే కొత్తది. ఇందులో తికమక పడేదేమీ లేదు, చిన్న పిల్లాడు కూడా చెయ్యగలడు.

కానీ కాలి కింద చుక్క పెట్టమని కామాక్షికి ఎవరూ చెప్పలేదు. అది సంగం నుంచి తెచ్చుకున్న బుద్ధి. వాళ్ళ తాత పద్మనాభయ్య ధాన్యం బస్తాల మూతి దగ్గర అందరిలాగే పేరు రాసి, అడుగున మాత్రం ఎవరికీ కనబడని చోట నీలిమందుతో ఒక చుక్క పెడతాడు. మిల్లులో బస్తాలు మారుస్తారని ఆయన అనుమానం. పెళ్ళికి వెళితే ఒక చెప్పు ఒక గుమ్మం దగ్గర, రెండోది ఇంకో గుమ్మం దగ్గర విడిచే మనిషి ఆయన! ఆ రక్తం ఊరికే పోతుందా? ఈ మధ్య కొట్టుకొచ్చే తాబేళ్ళు మరీ కుళ్ళి ఉంటున్నాయేమిటా అని కామాక్షికి మనసులో ఒక నలుసు పడింది. సుకుమార్‌ని అడిగితే, "ఎండలు ముదిరాయి కదమ్మా, తొందరగా కుళ్ళుతాయి, అలాగే రాసుకో" అన్నాడు. రాసుకుంది. రాసుకుని, ఆ మర్నాటి నుంచి ప్రతి తాబేలు కాలి కిందా గుట్టుగా చుక్క పెట్టడం మొదలుపెట్టింది. అలా చుక్క పడ్డవాటిలో మళ్ళీ తేలింది ఇదొక్కటే.

ఇదీ మనం ఆగిన చోటు.

కామాక్షి ఆ కాలు వదల్లేదు. రెండో చేత్తో డొప్ప తడిమింది. ఎర్ర గీత ఉండాల్సిన చోట డొప్ప తెల్లగా గీరుకుపోయి ఉంది. వంగి వాసన చూస్తే, కుళ్ళు వాసన మధ్యలోంచి పెయింటులో కలిపే థిన్నర్ వాసన సన్నగా ముక్కుకు తగిలింది. మెడ దగ్గర చర్మం ముడతల్లో ఇంకోటి కనిపించింది. పసుపు. ఎండి, ఇసుకతో గట్టిపడిన పసుపు.

ఈ ఒడ్డున తాబేలుకు పసుపు పెట్టేది ఒక్క దిబ్బలపాళెం వాళ్ళే. దిబ్బలపాళెం అంటే రోజా సొంత ఊరు. ఎనిమిది నెలలుగా ఒకే గదిలో పడుకుని, ఒకే కంచంలో చేపల పులుసు కలుపుకున్న రోజా.

ఆ సాయంత్రం సరుగుడు కొమ్మలు విరిచి, కుక్కలు లాక్కుపోకుండా తాబేలు మీద కప్పేసి గదికి వచ్చింది. రోజా తలనొప్పి అంటూ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కామాక్షి ఉండబట్టలేక తాతకు ఫోన్ చేసి, గొంతు తగ్గించి, చుక్క సంగతీ కొమ్మల సంగతీ అంతా చెప్పింది.

"ఎవురికీ చెప్పబాకమ్మా," అన్నాడు పద్మనాభయ్య. "ఉత్త మాటలతో పోయి ఎవుర్నీ అడగబాక. గుర్తు చేతిలో పెట్టుకోని, అప్పుడు అడుగు. ఆ పక్కన పిల్ల నిద్రపోతా ఉండాదా?"

"పోతా ఉండాది తాతా."

"చూసినావా?"

చూడలేదు. అయినా చూశానని చెప్పింది. తాత అనుమానం తనకు కూడా అతిగా అనిపించిన సందర్భం అదొక్కటే.

తెల్లవారి చూస్తే రోజా మంచం ఖాళీగా ఉంది. అవ్వను చూసి వస్తానని పక్క గదిలో వంటమనిషికి చెప్పి వెళ్ళిందట. సుకుమార్ కూడా లేడు, జీపు కూడా లేదు. మర్నాడు పైనుంచి అధికారులు వస్తున్నారు, ఆ ఏర్పాట్లలో తిరుగుతున్నాడని అనుకుంది.

ఆ అధికారుల రాకే కామాక్షికి నిద్ర పట్టనివ్వనిది. వాళ్ళు ఊరికే చుట్టపుచూపుగా రావడం లేదు. తాబేళ్ళ చావుల లెక్క విని, ఈ ఒడ్డున చేపల వేట ఆపాలా వద్దా తేల్చడానికి వస్తున్నారు. ఆ లెక్క చెప్పాల్సింది, లెక్కపెట్టిన పిల్లగా కామాక్షే. "నువ్వు నిలబడి చెప్పమ్మా, చిన్నపిల్ల నోటితో చెబితే వాళ్ళకి నమ్మకం" అన్నాడు సుకుమార్. వేట ఆగితే ఇక్కడ పెద్ద పరిశోధన కేంద్రం కడతాననీ, అందులో మొదటి ఉద్యోగం ఆమెదేననీ కూడా అన్నాడు. అప్పుడు పొంగిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు చల్లబడుతోంది.

ఇక ఆలోచిస్తూ కూర్చోలేకపోయింది. చెప్పులేసుకుని దిబ్బలపాళెం బయల్దేరింది.

రోజా వాళ్ళ అవ్వ పేరమ్మ ఇంటిముందు పాత వల పరిచి నెత్తళ్ళ చేపలు ఎండబోసి ఉన్నాయి. ముసలామె ఒక చివర కూర్చుని చేపల్ని చేత్తో తిరగేస్తోంది. రోజా కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతోంది. కామాక్షిని చూడగానే రోజా కర్ర దించేసింది. ఎప్పుడూ ఎదురొచ్చి చెయ్యి పట్టుకునే పిల్ల, ఇవాళ ఉన్నచోటే ఉండిపోయింది.

"రామ్మా, రా. నీడన కూచో," అంది పేరమ్మ. "తలనొప్పంట దీనికి, కాఫీ కూడా తాగలేదు. నువ్వైనా తాగతావా?"

"తర్వాత తాగతాలే అవ్వా. నీ దగ్గర ఒక మాట తెలుసుకుందామని వచ్చినా." కామాక్షి చేపల పక్కనే గొంతుక్కూర్చుంది. వచ్చే దారంతా ఎలా మొదలుపెట్టాలా అని తిప్పితిప్పి అనుకున్న మాటే, చాలా మామూలుగా అడిగింది. "సామికి పసుపు ఎప్పుడు పెడతారవ్వా?"

దిబ్బలపాళెంలో తాబేలును తాబేలు అనరు, సామి అంటారు.

"బతికుండి వల్లో పడితే అప్పుడే పెడతాం. పసుపూ కుంకమా పెట్టి, దణ్ణం పెట్టుకోని నీళ్ళల్లో ఇడిచిపెడతాం. పానం పోయుంటే పూడ్చేటప్పుడు పెడతాం. దేనికమ్మా?"

"ఒడ్డున పడుండంగానే పెట్టరా?"

"యాడ పడితే ఆడ పెడతారా? కుక్కలు తిరగతాయి, కాకులు వాలతాయి. గుంటలో దించినాక పెట్టి, మట్టి కప్పతాం."

"అయితే అవ్వా," అంది కామాక్షి, "పసుపు పెట్టి పూడ్చిన సామి, లేచి ఉప్పుటేరు దాకా ఎట్టా పోయింది?"

చేపలు తిరగేస్తున్న పేరమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆమె తల ఎత్తలేదు. ఒక కాకి ధైర్యంగా దిగి నెత్తళ్ళని తన్నుకుపోయినా ఎవరూ అదిలించలేదు.

రోజాయే ముందు నోరు తెరిచింది. "వచ్చినావా? ఎదవ అనుమానం పెట్టుకోని మా ఇంటి మీదకే వచ్చినావా? నాకు తెలుసు మే నీ సంగతి. గదిలో నా దువ్వెన నేను తీసుకున్నా నీ దువ్వెన ఎట్టుండాదో చూసుకునే మనిషివి నువ్వు. మా అవ్వ చేతి కూడు తిన్నావే! ఆ కూటిలో ఏం కలిపినారో కూడా చూసే తిన్నావా?"

ఆ మాట కామాక్షికి సూటిగా తగిలింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపం వచ్చింది, సిగ్గూ వేసింది. రెండూ ఒకేసారి రావడంతో ఏం అనాలో తోచక, "నేను అవ్వను అడిగినా, నిన్ను కాదు" అని మాత్రం అంది.

"అరవబాక రోజా. గమ్మునుండు," అంది పేరమ్మ. కొంగుతో చేతులు తుడుచుకుని, కాసేపు సముద్రం వైపు చూసింది. "ఎవురికీ చెప్పకూడదని ఊరు దురాయి పెట్టుండాది. ఆ కట్టు తప్పితే నన్నూ వెలేస్తారు. అయినా అడగవలసింది అడిగేసినావు గదా, ఇంకా దాస్తే ఏమొస్తాది? తవ్వింది మేమే. మా గంగులయ్యా ఇంకొందరూ కలిసి తవ్వినారు."

గంగులయ్య పేరమ్మ కొడుకు, రోజాకు చిన్నాన్న. సముద్రం మీద ఎలా ఉంటాడో గానీ, ఒడ్డున ఉంటే తల ఎత్తి మాట్లాడని మనిషి. అతను గునపం పట్టుకుని తాబేలు గుంటలు తవ్వుతున్నట్టు ఊహించుకోవడానికే కామాక్షికి కష్టమైంది.

"దేనికవ్వా?"

"దేనికంటావా? దక్షిణం నుంచి వస్తాయి చూడు పెద్ద మరబోట్లు. ఒక్క ఊపుతో మా వలలన్నీ తెంచుకోని పోతాయి. ఆ బోట్ల వలలే సాముల్ని చంపతా ఉండేది కూడా. పోయి చెప్పుకోని చోటు లేదు. పోతే ఏమంటారు, రుజువేదీ, లెక్కేదీ అంటారు. మా నోటి మాటకి లెక్క యాడుండాది? అప్పుడు మీ సారు వచ్చినాడు. సాములు మెండుగా చచ్చిపోతుండాయని లెక్క పైకి పోతే, ఆ బోట్లని ఈ పక్కకే రానీరు అని చెప్పినాడు. చచ్చినవి చాలవమ్మా పేరమ్మా అన్నాడు. పూడ్చినవి తీసి అటూ ఇటూ పడేస్తే మా పిల్లలు చూసుకుంటారు అన్నాడు."

"మా పిల్లలు" అంటే కామాక్షి. ఎనిమిది నెలలు కాళ్ళు బొబ్బలెక్కేలా నడిచి, ఎండకు మొహం మాడ్చుకుని తను చేసిన పరిశోధన ఇదన్నమాట! ఒకరు తవ్వి పడేస్తుంటే వెనకాలే వెళ్ళి ఏరుకోవడం!

"నీకూ తెలుసా?" అని రోజా వైపు తిరిగింది.

రోజా కాకుల వైపు తిరిగింది. ఎటువైపు నడిచే రోజు తొందరగా ముగించుకుందామని రోజా తొందరపెట్టేదో, ఎటువైపు తాను రాకుండా కామాక్షిని ఒక్కదాన్నే పంపేదో, అవన్నీ వరసగా గుర్తుకొచ్చాయి.

"డొప్ప మీద ఎర్ర గీత ఎట్టా పోయింది?" అని అడిగింది.

"సారిచ్చినాడు ఏదో మందు, డబ్బాలో. గుడ్డ తడిపి రుద్దితే పోతాది. గంగులయ్యే రుద్దినాడు."

"మరి పసుపు ఎందుకు తుడవలేదవ్వా?"

పేరమ్మ ఆమె వైపు విడ్డూరంగా చూసింది. తవ్వారా అని అడిగినప్పుడు కూడా అలా చూడలేదు.

"సామికి పెట్టిన పసుపు ఎట్టా తుడస్తామమ్మా? చేతులు పడిపోవూ?"

అదీ సంగతి! పూడ్చిన దాన్ని తవ్వొచ్చు, దొంగ లెక్కకు ఒడ్డున పడేయొచ్చు, ఊరికి మేలు కదా అని మనసుకు సర్దిచెప్పుకోవచ్చు. పెయింటు ఎవరో గీసింది కనుక తుడిచేయొచ్చు. పసుపు మాత్రం తాము పెట్టింది. దాన్ని తుడవాలన్న ఆలోచన కూడా ఈ ఊళ్ళో ఏ మనిషికీ వచ్చి ఉండదు. థిన్నర్ డబ్బా ఇచ్చి అంతా తుడిచేయించానని నిశ్చింతగా ఉన్న సుకుమార్‌కు ఆ సంగతి తెలియదు. ఆయన ఏనాడూ ఒక గుంట దగ్గర నిలబడి చూసినవాడు కాదు.

కామాక్షికి నవ్వు రాబోయి, ఏడుపు వచ్చింది. వీళ్ళు దొంగలని అనుకుని వచ్చింది. దొంగతనం కూడా సరిగ్గా చేతకాని మనుషుల్లా కనబడుతున్నారు. వీళ్ళ మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అవ్వా, ఒక మాట చెప్తా. నమ్మతావో లేదో నాకు తెలీదు. ఆగేది పెద్ద బోట్లు ఒక్కటే కాదు."

"అంటే?"

"పోయిన నెల సారు దగ్గరికి ఎవరో పెద్దమనుషులు వచ్చినారు. రోజా ఇంటికి వచ్చుండింది ఆ పొద్దు. టీలు నేనే ఇచ్చినా. వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుకుంటా ఉన్నారు. తాబేళ్ళు వచ్చే కాలమంతా ఈ ఒడ్డు మీద ఏ బోటూ దిగకూడదని సారు పైవాళ్ళని అడుగుతాడంట. మరబోటుగానీ, ఫైబర్ బోటుగానీ, తెప్పగానీ. ఏదీ దిగకూడదు. మీది కూడా. ఈ ఊరికి వేట బాగా పడేది ఆ కాలంలోనే కదవ్వా? అప్పుడు విని కూడా, తాబేళ్ళ కోసమే కదా అని ఊరుకున్నా. లెక్క నిజమనుకున్నా కాబట్టి ఊరుకున్నా."

"అపద్దం!" అంది రోజా. "సారు అట్టా అనడు. మా ఊరికి మంచి చేస్తానన్నాడు. అవ్వ చేతులు పట్టుకోని చెప్పినాడు!"

పేరమ్మ కళ్ళు చిన్నవి చేసుకుని కామాక్షిని ఎగాదిగా చూసింది. ఆమె నోటి నుంచి వచ్చిన ప్రశ్న కామాక్షి కలలో కూడా అనుకోనిది.

"నిన్ను ఆ బోట్లోళ్ళు పంపినారా అమ్మా?"

"అవ్వా!"

"కోప్పడబాక. అడగాల గదా. రేపు పైవాళ్ళు వస్తారనంగా ఈపొద్దు వచ్చినావు. వచ్చి, లెక్క ఆపమంటా ఉండావు. లెక్క ఆగితే ఎవురికి లాభం? ఆ బోట్లోళ్ళకే గదా. మీ ఊళ్ళో వరి పండద్ది. మా సముద్రం ఉంటే ఏంది, పోతే ఏంది నీకు?"

ఎదుటివాళ్ళను అనుమానించడమే తప్ప, తన మీద ఒకరు అనుమానపడితే ఎలా ఉంటుందో కామాక్షికి ఆ రోజే తెలిసింది. ఒంటి మీద పేడ చల్లినట్టుంది. లేచి వెళ్ళిపోదామనుకుంది. వెళ్ళిపోతే? రేపు ఆ అధికారుల ముందు నిలబడి, నేర్చుకున్న లెక్క అప్పజెప్పి, ఉద్యోగం తెచ్చుకుని సంగం పోవచ్చు. ఎవరూ అడగరు. ఈ వల మీద నెత్తళ్ళు ఉండవు, అంతే.

వెళ్ళలేదు.

"నాకు ఏంది అంటావా? ఆ లెక్క నా నోటితో పోతాది అవ్వా. మీ తెప్ప నీళ్ళల్లో దిగకుండా చేసేది నా నోరే. రేపు లెక్క తప్పని చెప్పినానంటే, సారు నాకు రాసివ్వడు, నా ఏడాది పోతాది, డిగ్రీ పోతాది. చెప్పకపోతే మీ సముద్రం పోతాది. ఈ రెండూ తెలిసే నీ దగ్గరికి వచ్చినా. ఇంకేం చెప్పాల్నో నాకు తెలీదు."

ముసలామె చూపు కామాక్షి భుజం మీదుగా, తెప్పలు లాగి పెట్టే ఇసుక దిబ్బ వైపు పోయింది. అక్కడ సున్నం పూసిన రాళ్ళు వరసగా నాటి ఉన్నాయి. కామాక్షి కూడా తిరిగి చూసింది.

"ఆ రాళ్ళు సారే నాటించినాడు," అంది పేరమ్మ మెల్లిగా. "దేనికి సారూ, తెప్పలకి అడ్డమొస్తాయే అంటే, సాములు గుడ్లు పెట్టే చోటుకి హద్దులమ్మా అన్నాడు. ఆ హద్దుల్లోపలే గదా మా తెప్పలుండేది. మరి తెప్పలు యాడ పెట్టుకోవాల అని అడిగితే నవ్వినాడు. నవ్వితే... మంచోడు గదా, చూస్తాడులే అనుకున్నా."

రోజా చేతిలో కర్ర జారి కింద పడింది.

పేరమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. "ఏదమ్మా నీ రుజువు?"

"నేను కాలి కింద చుక్క పెట్టిన సామి ఉప్పుటేటి దగ్గర ఉండాది. కొమ్మలు కప్పి పెట్టినా. ఒకే సామి రెండుసార్లు లెక్కలోకి వచ్చిందని దాని కాలెత్తి చూపిస్తే చాలు. నా మాటా మీ మాటా నమ్మకపోయినా ఆ చుక్కని కాదనలేరు."

"చూపించు. నేను చూసినానంటే, దురాయి లేదు ఏమీ లేదు, రేపు నేనే వచ్చి ఆళ్ళ ముందర నిలబడతా. తవ్వింది మేము, తవ్వించింది నువ్వు అని మీ సారు మొహం మీదే చెప్తా. వెలేస్తే వెలేసుకోనీ." పేరమ్మ బొడ్లో సంచి సర్దుకుంది. "నువ్వూ రా రోజా."

"నాకు తలనొప్పిగా ఉండాది," అంది రోజా.

"తలనొప్పికి సముద్రం గాలి మంచిదిలే. నడువు."

ముగ్గురూ తడి ఇసుక మీదుగా నడిచారు. కామాక్షి గుండె తేలికపడింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి, తాను చేసిన పని ఒకటి ఎవరికో పనికొస్తుందనిపించింది. తాతకు ఈ సాయంత్రం చెప్పాలి, నీ నీలిమందు చుక్క ఒక ఊరి సముద్రాన్ని కాపాడింది తాతా అని. ముసలాయన మీసం దువ్వుకుంటాడు. పేరమ్మ వయసును లెక్కచెయ్యకుండా ముందు నడుస్తోంది. రోజా వెనకబడింది. పిలిస్తే వస్తున్నా అంటోంది, అడుగు మాత్రం పడటం లేదు.

ఉప్పుటేటి దగ్గరికి వచ్చేసరికి సరుగుడు కొమ్మలు దూరంగా పడి ఉన్నాయి.

తాబేలు ఉంది. మెడ ముడతల్లో పసుపు ఉంది. కామాక్షి పరుగెత్తి వెళ్ళి దాని వెనక వైపు మోకాళ్ళ మీద కూలబడింది. ఎడమ కాలు ఎత్తడానికి చెయ్యి చాపింది.

ఎత్తడానికి కాలు లేదు.

"కుక్కలేమో," అంది.

పేరమ్మ వంగి చూసింది. వేలితో ఆ చోటును తడిమింది. పుట్టినప్పట్నుంచీ చేపలు కోసిన చెయ్యి అది. "కుక్కైతే పీకతాది. ఇది కత్తి. ఈ పొద్దున్నే కోసినారు." బొడ్లో సంచి విప్పి, చిటికెడు పసుపు తీసి, ఆ తెగిన చోట అద్దింది. "పానం లేని సామిని కోసే చెయ్యి ఎవురిదమ్మా? ఎవురికి తెలుసు నీ చుక్క సంగతి?"

"ఎవరికీ తెలీదు. మా తాతకి తప్ప..."

అంటూనే ఆగిపోయింది. నిన్న సాయంత్రం ఆ గది. తగ్గించిన తన గొంతు. గోడవైపు తిరిగి పడుకున్న వీపు. చూసినావా అని తాత అడిగిన మాట.

మెల్లగా తల తిప్పింది. రోజా దగ్గరికి రాలేదు. సరుగుడు తోపు అంచున, ఒక చెట్టును పట్టుకుని నిలబడి ఉంది.

"నిన్న నువ్వు నిద్రపోలేదు కదా?" అంది కామాక్షి.

రోజా మొహం ఒక్కసారిగా చిన్నపిల్ల మొహమైపోయింది. "కాలు కోస్తాడని నాకు తెలీదు మే. అమ్మతోడు, తెలీదు. ఊరికే చుక్క సంగతి చెప్పినా. నువ్వు మా ఊరి మీద చెప్పేస్తావనుకున్నా. సారైతే నీకు సర్దిచెప్తాడని, మా అవ్వకి ఏం కాకుండా చూస్తాడని... నాకేం తెలుసు తెప్పలు కూడా ఆపతాడని! తెలిస్తే చెప్తానా?"

కామాక్షికి ఆమెను కొట్టాలనిపించింది. అంతలోనే, తనకు అవ్వా ఊరూ ఇలా ఉంటే తాను మాత్రం ఏం చేసేదో తెలియలేదు. "ఇంకేం చెప్పినావు?" అని మాత్రం అడిగింది.

రోజా వెక్కిళ్ళ మధ్య తోపు లోపలికి చూసింది. అక్కడినుంచి ఇసుకలో ఈడ్చుకుంటూ వస్తున్న జీపు చప్పుడు దగ్గరవుతోంది.

"నువ్వు ఈపొద్దు అవ్వ దగ్గరికి వస్తావేమోనని కూడా చెప్పినా."

జీపు తోపు దాటి వచ్చి ఆగింది. సుకుమార్ దిగాడు. ఉతికిన చొక్కా, ఎప్పటి చిరునవ్వు. పేరమ్మను చూసి చేతులు జోడించాడు. ఏడుస్తున్న రోజాను చూడనట్టే దాటి వచ్చాడు. ఆయన చేతిలో ఎర్ర పెయింటు డబ్బా ఉంది, దాని మీద అడ్డంగా కుంచె ఉంది.

"ఇక్కడున్నావా కామాక్షీ? ఊరంతా వెతుకుతున్నాను. అయ్యో, దీనికి ఇంకా గీత పెట్టలేదేంటమ్మా?" తాబేలు వైపు వంగి, తల పంకించాడు. "పాపం, బోటు ఫ్యానుకు తగిలినట్టుంది, కాలు కూడా పోయింది. రేపు పొద్దున్న వాళ్ళకి మొదట ఇదే చూపిద్దాం. గీత గీసి లెక్కలో వేసుకో. నీ ఏడాది పని ఇంత బాగా ముగుస్తుందని నేను కూడా అనుకోలేదు."

డబ్బా ఆమె ముందుకు చాపాడు. మూత తీసే ఉంది.

అలలు వచ్చి పోతున్నాయి. తోపు అంచున రోజా ఏడుపు ఆగిపోయింది. పేరమ్మ పసుపు అంటిన చెయ్యి అలాగే పట్టుకుని లేచి నిలబడి, సుకుమార్‌ను కాదు, కామాక్షిని చూస్తోంది. బోట్లోళ్ళు పంపినారా అని అడిగినప్పటి చూపే అది.

కామాక్షి చెయ్యి చాపి కుంచె అందుకుంది.